శనివారం కోసిన కోళ్ళు

పెళ్ళైన మొదటి శనివారం నేనూ ఆయనా తాడేపల్లిగూడెంలో రైలెక్కి భీమడోలులో దిగాం. 1936 మే నెలాఖరు, రోహిణి కార్తె. స్టేషను బయట ఇసుక వేడి చెప్పుల్లోంచి కాలుతోంది. అయినా నాకు ఆ రోజు అన్నీ బావున్నాయి. ఎద్దుల కొమ్ములకు చుట్టిన ఎర్ర గుడ్డపీలికలు బావున్నాయి. గొడుగంతా నా వైపే పట్టి తాను ఎండలో నడుస్తూ, "నాకు ఎండంటే ఇష్టం" అని ఆయన ఆడిన అబద్ధం బావుంది. రైల్లో తాటిముంజ ఒలిచి నా నోటికి అందించబోయి, ఎదురు బల్ల మీది ముసలాయన చూస్తున్నాడని గబుక్కున తానే మింగేశారు. గడ్డం మీద కారిన ఆ ముంజనీళ్ళు తలుచుకుని బండిలో దారంతా నవ్వుతూనే ఉన్నాను.

మొగుడి పేరు చెప్పకూడదంటారు గాని, రాస్తే ఎవరికీ వినపడదు కదా. కృపానందం. ఏలూరులో హైస్కూలు టీచరు. నేను మద్రాసులో ఇంటరు పాసయ్యాను. ఆ సంగతి అత్తవారి ఊళ్ళో నాకంటే ముందే చేరిపోయింది.

ఆ ఊరు కొల్లేటి అంచున ఉన్న చిన్న పేట. ఎండాకాలం కొల్లేరు దూరంగా జరిగిపోతుంది. బీటలు వారిన నల్లమట్టికి అవతల ఎక్కడో కొంగల తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. మావయ్య గారు, ఏసోబు గారు, ఆ పేట గుడికి ఉపదేశి. పాదిరి గారు ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చి పోతారు. మిగతా ఆదివారాలన్నీ గంట కొట్టేదీ, వాక్యం చెప్పేదీ మావయ్య గారే. ఆయన పెట్టిన కట్టుబాట్లలో గట్టిది ఒకటుంది. ఆదివారం కత్తి పట్టకూడదు, బండి కట్టకూడదు. పొయ్యి వెలిగించుకోవచ్చు, ముందురోజు కోసి పెట్టుకున్నది వండుకోవచ్చు. పేటలో ఎవరూ ఆ మాట దాటరు.

కొత్త కోడలు మొదటిసారి గుడికి వచ్చిన ఆదివారం అందరూ కలిసి ప్రేమవిందు చేసుకుంటారు. ఇంటికో కోడి ఇస్తారు. మేం బండి దిగేసరికే మా వాకిట్లో గంపల కింద కోళ్ళు గోల చేస్తున్నాయి. నా కోసం అన్ని కోళ్ళు! నాకు సిగ్గూ, గర్వమూ రెండూ కలిగాయి.

అరుగు మీద సువర్ణ వదిన గారు కూర్చుని ఉన్నారు. ఆయనకు అక్క. గణపవరంలో రైసు మిల్లు ఇంజను డ్రైవరుకు ఇచ్చారు. ఏడో నెల. అంతకు ముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఈ బిడ్డ కోసం ఆవిడ ఇష్టమైన పచ్చిమామిడికాయ మానేశారు, బిందె ఎత్తడం మానేశారు, గట్టిగా తుమ్మడం కూడా మానేశారని అత్తయ్య గారు చెప్పారు.

"ఏంటమ్మా అలా నిలబడ్డావు? ఇటు రా," అని నా చెయ్యి పట్టుకు లాగి తన పొట్ట మీద పెట్టుకున్నారు వదిన గారు. "చూడు. తంతున్నాడు. నీ పెళ్ళికి తీసుకెళ్ళలేదని కోపం."

అరచేతి కింద చిన్న చేప ఒకటి తిరగబడినట్టయింది. "అబ్బ!" అన్నాను.

"మేనత్తకి దణ్ణం పెట్టాడు," అన్నారు ఆయన వెనకనించి.

"మేనత్త కాదురా, అత్త. లెక్కల మాస్టారివి, వరసలు తెలీవు," అని వదిన గారు నవ్వారు.

సాయంత్రం ఎండ తగ్గకముందే కోళ్ళ పని మొదలైంది. మగవాళ్ళు కోసి ఇస్తుంటే ఆడవాళ్ళు ఈకలు పీకి, తాటాకు మంట మీద కాల్చి, కత్తిపీటల ముందు కూర్చున్నారు. అందరిలో చెయ్యి వాటం ఉన్నది విక్టోరియమ్మకు. ఒంటరి మనిషి. పేరుకు మహారాణి. పెంచుకున్న ఒక్కగానొక్క పెట్టను ఆవిడే ముందుగా తెచ్చి గంప కింద పెట్టిందని అత్తయ్య గారు నా చెవిలో చెప్పారు. ముక్కలకు పసుపూ ఉప్పూ పట్టించి కొత్త కుండల్లోకి ఎత్తారు. తరువాత అవే కత్తిపీటలను తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మర్నాడు పెరుగుపచ్చడికి కావలసిన ఉల్లిపాయలు కోశారు. ఆదివారం కత్తి లేదు గనక ఉల్లిపాయ కూడా శనివారమే కొయ్యాలి. కళ్ళ నీళ్ళు కారుతూ ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. నేనూ ఒక పీట లాక్కుని కూర్చుని కాసిని ఉల్లిపాయలు కోశాను. విక్టోరియమ్మ నా ముక్కలు చూసి, "ఇవి ఉల్లిపాయలా తల్లీ, ఇటుకలా?" అంది.

పుష్యమాసంలో కోతల పండగకు ఇలాగే చేస్తారట. అప్పుడు నూతిలో నీళ్ళు చేతికందుతాయి. కుండల మెడకు తాడు కట్టి నీళ్ళు తగిలేలా వేలాడదీస్తే తెల్లారేసరికి ముక్కలు చల్లగా, కోసినప్పటిలాగే ఉంటాయట. ఇప్పుడు నూతిలో అడుగున చారెడు బురదనీరు. అందుకని కుండలన్నీ బడిపాకలో తడి ఇసుక మీద పెట్టి, పైన తడిపిన గోనెసంచులు కప్పారు. ఉల్లిపాయ ముక్కల గిన్నెలు కూడా వాటి పక్కనే పెట్టారు.

ఆ పాకలోకి వెళ్ళి చూశాను. ఇసుక తడిగా ఉంది గాని చల్లగా లేదు. లోపల గాలి ఆడటం లేదు.

"అత్తయ్య గారూ, రేపు పొద్దున్నే కోసుకుంటే పోదాండీ? ఈ వేడికి మాంసం తెల్లారేదాకా ఆగుతుందా?" అన్నాను.

కత్తిపీటల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి. "కాలేజీలో ఆదివారం లేదా ఏంటమ్మా?" అంది విక్టోరియమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మావయ్య గారు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "ఆరు రోజులు మనవి తల్లీ, ఒక్కటి దేవుడిది. ఇన్నేళ్ళూ ఆయన చెడగొట్టలేదు," అన్నారు. అంత మెత్తగా చెప్పిన మనిషికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు.

ఆదివారం పొద్దున్న గోనెసంచులు తీసేసరికి అవి ఎండిపోయి అట్టల్లా ఉన్నాయి. అత్తయ్య గారు ఒక కుండ మూత తీశారు. తియ్యగా, పుల్లగా ఒక వాసన. ముక్క పట్టుకుంటే వేళ్ళకు జిగట. అత్తయ్య గారు నా వైపు చూశారు. ఆవిడ దానమ్మ గారు. రోజుకు పది మాటలు కూడా మాట్లాడరు. కుండ చంకన పెట్టుకుని తిన్నగా మావయ్య గారి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

"పారబోద్దామండీ," అన్నారు అత్తయ్య గారు.

మావయ్య గారు వాసన చూసి మొహం తిప్పుకున్నారు. "ఇందులో విక్టోరియమ్మ కోడి ఉంది," అన్నారు. "నీ కోడి పెంటలో పారేశామని ఆవిడతో నువ్వు చెప్తావా, నేను చెప్పనా? చింతపండు రసంతో కడిగి, ఎముక విడిపోయేదాకా ఉడికించండి."

మా ఆయన అప్పుడే నూతి దగ్గరనించి తల తుడుచుకుంటూ వచ్చారు. "మరిగితే క్రిములన్నీ చస్తాయిగా, డాక్టరమ్మా?" అని నన్ను అడిగారు.

"చస్తాయి. చస్తాయి గానీ..."

"ఇంకేం మరి."

ఆ కూర నిజంగానే మధ్యాహ్నం దాకా కుతకుతలాడింది. ముక్కకూ ఎముకకూ సంబంధం లేకుండా పోయింది. మసాలా ఘాటుకు వాసన కూడా తెలియలేదు. నా భయమంతా ఆ కూర మీదే. పక్కన అత్తయ్య గారు కడవెడు పెరుగు చిలికి రాత్రి ఉల్లిపాయలు అందులో కలుపుతుంటే, నేను వెళ్ళి ఉప్పు చూసి చెప్పాను. చల్లగా, పుల్లగా, ప్రాణం లేచొచ్చినట్టుంది.

గుడిలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నా నీలం పట్టుచీర అంచు చూడటానికి పిల్లలు పాక్కుంటూ వచ్చారు. ఆయన మగవాళ్ళ వైపునించి పాటలో ఒక చరణం తప్పు పాడి నా వైపు చూశారు. అంత సంతోషం నేను తట్టుకోగలనా అనిపించింది. తరువాత గుడి నీడలో తాటాకు చాపల మీద విస్తళ్ళు వేశారు. ఆయన రెండోసారి కూర వేయించుకున్నారు. పచ్చి ఉల్లిపాయ ఆయనకు గిట్టదు, పచ్చడి ముట్టుకోలేదు. వదిన గారికి ఆ నెలల్లో మాంసం వాసన పడదు. కూర వద్దని విస్తరి నిండా అన్నంలో పెరుగుపచ్చడి కలుపుకున్నారు. "ఇంకా వెయ్యవే. వాడికీ చల్లగా ఉండాలిగా," అని నా చేత మళ్ళీ వడ్డించుకున్నారు.

పొద్దు వాలేసరికి పేటలో ఒక్కొక్క ఇంట్లోనుంచీ వాంతుల చప్పుడు మొదలైంది. ముందు పిల్లలు, తరువాత పెద్దవాళ్ళు. నాకూ కడుపులో మెలిపెట్టింది గాని అంతతో పోయింది. వదిన గారు అరుగు మీదనుంచి లేవబోయి గోడ పట్టుకుని కూలబడ్డారు. దీపాలు పెట్టే వేళకు ఆవిడను ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. తాగిన గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవడం లేదు. ఒళ్ళు సెగ కక్కుతోంది.

"ఏలూరు తీసుకెళ్దాం నాన్నగారూ," అన్నారు ఆయన. "ఇప్పుడు బండి కడితే భీమడోలులో రాత్రి పాసింజరు అందుతుంది."

మావయ్య గారు వాకిట్లో నిలబడి ఉన్నారు. "తెల్లవారగానే కడదాం. ఈలోగా ప్రార్థన చేద్దాం."

"తెల్లవారేదాకా ఎందుకండీ?"

"ఎందుకో నీకు తెలుసు."

"అక్క నాన్నగారూ! అక్క కడుపుతో ఉంది!"

"నాకు తెలీదా?" అన్నారు మావయ్య గారు. "నిరుడు ఏలియా కుప్ప పొలంలో తడుస్తుంటే, ఆదివారం, బండి కట్టొద్దన్నాను. కట్టలేదు. గింజ మొలకెత్తింది. ఏడాదంతా వాడి పిల్లలు గంజి తాగి బతికారు. ఇవాళ నా కూతురికి నేను బండి కట్టుకుంటే రేపు వాడి మొహం ఎలా చూడనురా?"

మా ఆయన బయటికి వెళ్ళారు. మాకు ఎద్దులు లేవు. నిన్న మమ్మల్ని తెచ్చిన బండివాడి ఇంటికీ, ఏలియా ఇంటికీ, ఇంకా ఇద్దరు ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళారు. ఎవరూ కాదనలేదు. అందరూ ఒకటే అడిగారట. "ఉపదేశి గారు కట్టమన్నారాండీ?" కట్టమన్నారని ఒక్క అబద్ధం ఆడి ఉంటే బండి వచ్చేది. ఎండంటే ఇష్టమని అబద్ధమాడే మనిషికి ఆ అబద్ధం నోటికి రాలేదు. వట్టి చేతులతో తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి దూరంగా రైలు కూత వినిపించింది. అత్తయ్య గారు తడిగుడ్డ పిండుతున్న చెయ్యి ఆపి, ఆ కూత అయిపోయేదాకా విని, మళ్ళీ పిండారు.

తెల్లవారుతుండగా బండి కట్టారు. ఏలియాయే తెచ్చాడు, అడక్కుండా. గడ్డి మీద బొంత పరిచి వదిన గారిని పడుకోబెట్టాం. కళ్ళు లోపలికి పోయాయి. చేతులు చల్లగా, నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. సగం దారిలో నా చెయ్యి వెతుక్కుని పొట్ట మీద పెట్టుకున్నారు. నేను చాలాసేపు అలాగే ఉంచాను. బండి కుదుపు తప్ప చేతికి ఏమీ తెలియలేదు.

"నిద్రపోతున్నాడేమో వదిన గారూ," అన్నాను.

"ఊఁ," అన్నారు ఆవిడ. కళ్ళు తెరవలేదు.

ఏలూరు ఆసుపత్రిలో లేడీ డాక్టరు గారు వదిన గారిని లోపలికి తీసుకెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చారు. మగపిల్లాడు. లోపలే పోయి కొన్ని గంటలైందట. తల్లికి భయం లేదు గాని, ఒంట్లో నీరంతా పోయింది, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలన్నారు. "నిన్న సాయంత్రం ఎందుకు తేలేదు?" అని అడిగారు. ఆయన గోడ వైపు తిరిగారు.

"ఏం తిన్నారు?" అని అడిగారు తరువాత. నేను కోళ్ళ సంగతంతా చెప్పాను. కూర బాగా మరిగిందనీ, వదిన గారు అసలు కూర ముట్టుకోలేదనీ చెప్పాను. కూర తిని పచ్చడి వద్దన్న ఈయనకు ఏమీ కాలేదనీ చెప్పాను.

"ఆ పచ్చడిలో ఉల్లిపాయలు దేని మీద కోశారమ్మా?"

నేను చదివిన ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో ఉల్లిపాయ లేదు. కూరలోని విషం నిప్పుకు చచ్చింది. కత్తిపీట మీది పచ్చి నెత్తురు ఉల్లిపాయకు అంటి, ఆ వేడి పాకలో రాత్రంతా పెరిగి, నిప్పు మొహం చూడకుండానే పెరుగులో కలిసింది. డాక్టరు గారు అదంతా రెండు మాటల్లో చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అత్తయ్య గారు ఆ మాటలు వింటూ తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నారు.

అన్నయ్య గారు, వదిన గారి భర్త, గణపవరంనించి మధ్యాహ్నానికి వచ్చారు. ఇంజను దగ్గరనించి అలాగే వచ్చేసినట్టున్నారు, చేతులు నూనె మరకలు. బిడ్డను ఎత్తుకోబోయే ముందు ఆ చేతుల్ని పంచెకు తుడిచి తుడిచి, ఇంకా మురికిగానే ఉన్నాయని ఏడ్చారు. బిడ్డను ఏలూరులోనే పాతిపెట్టారు. మావయ్య గారు మంగళవారం వచ్చారు. కూతురి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశారు. వదిన గారు కళ్ళు మూసుకోలేదు. పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు.

పేటలో మిగతా అందరూ తేరుకున్నారు. పచ్చడి సంగతి తెలిశాక విక్టోరియమ్మ మాత్రం గుమ్మం దాటి బయటికి రావడం మానేసిందని ఎవరో చెప్పారు.

రెండు వారాల తరువాత, శనివారం, వదిన గారిని పేటకు తీసుకొచ్చాం. తొలకరి పడింది. కొల్లేటి వైపునించి తడిమట్టి వాసన వస్తోంది. ఇంత జరిగినా ఆ వాసనకు నా ప్రాణం లేచొచ్చింది, నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన ఊరికే నా కొంగు చివర పట్టుకుని నడిచారు. ఒళ్ళో ఏ బరువూ లేకుండా వదిన గారు బండి దిగారు.

రక్తం పట్టడానికి రోజూ కోడి పులుసు పట్టమన్నారు డాక్టరు గారు. అత్తయ్య గారు తన నల్లపెట్టను గంప కింద వేశారు. మావయ్య గారు సాయంత్రం వాకిట్లోకి వచ్చి చూశారు.

"పొద్దు పోతోంది దానమ్మా. రేపటికైతే ఇప్పుడే కోసెయ్యాలిగా?"

"పొద్దున చూద్దాం లెండి," అన్నారు అత్తయ్య గారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఆదివారం మొదటి గంట మోగేటప్పుడు అత్తయ్య గారు గంప ఎత్తారు. వాకిట్లోనే, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేటట్టు, పెట్ట కాళ్ళు పాదం కింద తొక్కిపట్టి, మెడ కోశారు. తెల్లబట్టలు కట్టుకుని గుడికి వెళ్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఏలియా పిల్లల్ని వెనక్కి లాక్కున్నాడు. గంట కొట్టి వస్తున్న మావయ్య గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. చంకలో బైబిలు ఉంది.

"దానమ్మా."

"ఇంకా కాళ్ళు కొట్టుకుంటోంది, దగ్గరికి రాకండి. మీ పంచె మీద పడుతుంది," అన్నారు అత్తయ్య గారు.

అన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనతో అలా మాట్లాడటం ఎవరూ వినలేదట. మావయ్య గారు అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న కూతురిని చూశారు. రెండో గంట కొట్టడానికి వెళ్ళిపోయారు. జనం ఆయన వెనక వెళ్ళారు. మేం ముగ్గురం ఆడవాళ్ళం ఇంట్లో ఉండిపోయాం. మా ఆయన కూడా గుడికి వెళ్ళకుండా పొయ్యి ఊదడానికి కూర్చుని కళ్ళనిండా పొగ పెట్టుకున్నారు.

నేను ముందుగా ఉల్లిపాయ కోసి పక్కన పెట్టాను. తరువాతే అత్తయ్య గారు కోడిని కత్తిపీట మీదికి తెచ్చారు. ముక్కలు కొట్టినవి కొట్టినట్టే పొయ్యి మీది కుండలోకి వెళ్ళాయి. కత్తిపీట మీద నేను సలసల కాగే నీళ్ళు పోశాను. అత్తయ్య గారు బూడిదతో తోమి, "ఇంకోసారి పొయ్యి," అన్నారు. మళ్ళీ పోశాను. మళ్ళీ తోమారు. తోముతూనే ఉన్నారు. చివరికి నేనే ఆవిడ చేతిలోనుంచి ఆ పీచు తీసుకున్నాను.

పులుసు వదిన గారికి గిన్నెతో అందించాం. రెండు గుక్కలు తాగి, "ఉప్పు తక్కువైందమ్మా," అన్నారు. ఆసుపత్రినించి వచ్చాక ఆవిడ దేని గురించైనా ఫిర్యాదు చెయ్యడం అదే మొదలు. నేను ఉప్పు కోసం పరిగెత్తాను. ఆయన ఎదురొచ్చి ఉప్పు కుండ ఇచ్చి, మసిబారిన మొహంతో నవ్వబోయి మానేశారు. వదిన గారు గిన్నెడూ తాగారు. ఇంకా కావాలన్నారు.

గుడి విడిచిపెట్టాక మావయ్య గారు వచ్చారు. ఆ రోజు వాక్యం చెప్పకుండా పాటలతోనే ముగించారని తరువాత తెలిసింది. కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని, పొయ్యి దగ్గర కూర్చున్నారు. చాలాసేపు చేతులు చూసుకున్నారు.

"నాకూ కొంచెం పొయ్యి దానమ్మా," అన్నారు.

నేను వంచిన తల ఎత్తాను. ఆదివారం కోసిన కోడి. ఆయన అడిగినది ఏమిటో ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. అత్తయ్య గారు కూడా ఆయన వైపు చూశారు.

"లేదండీ. అమ్మాయి తాగేసింది," అన్నారు.

కుండలో పులుసు సగానికి పైగా ఉంది. అత్తయ్య గారు దాని మీద మూత సర్ది, ఆయన కంచంలో అన్నం పెట్టి, మజ్జిగ పోశారు.